మిషను తొక్కుతూ విన్న టీవీ

నాకు బాగా నచ్చిన టీవీ కార్యక్రమాల గురించి రాయమంటే, చూసినవాటి కంటే విన్నవాటి గురించే ఎక్కువ రాయాలి. రామంతాపూర్‌లో మా ముందుగదిలోనే నా కుట్టుమిషను ఉంటుంది. టీవీ ఎడమపక్క గోడకు. బ్లౌజు చంక దగ్గర కుట్టు తిప్పేటప్పుడు కళ్లు సూదిని వదలకూడదు. అందుకని నా లెక్కలో మంచి కార్యక్రమమంటే తల తిప్పకుండానే అర్థమైపోవాలి, టీవీ కట్టేశాక కూడా చెవిలో ఉండాలి. బొమ్మ బాగుందా, సెట్టు బాగుందా అనేది నాకు తర్వాతి సంగతి.

ఆ లెక్కన మొదట చెప్పుకోవాల్సింది శాంతిస్వరూప్ గారి వార్తలు. దూరదర్శన్ కేంద్రం మా రామంతాపూర్‌లోనే కాబట్టి ఆయన మా వాడకట్టు మనిషే అన్నట్టు ఉండేది మాకు. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. టెలిప్రాంప్టర్ లేని రోజులు. కాగితం మీదున్నది కంఠతా పట్టి, మన ఎదురుగా కూచుని చెబుతున్నట్టు చెప్పేవారు. తొందర లేదు, అరుపు లేదు. మా మామయ్య వార్తలప్పుడు కళ్లు మూసుకుని కూచునేవారు, నిద్రపోయారేమో అనుకుంటే అయిపోయాక ఒక్కో వార్తా మా అత్తమ్మకు తిరిగి చెప్పేవారు. 2024 ఏప్రిల్‌లో శాంతిస్వరూప్ గారు పోయారని తెలిసిన రోజు ఆ గొంతే గుర్తొచ్చింది, ముఖం తర్వాత.

బి.ఆర్. చోప్రా మహాభారతం ఇంకో అద్భుతం. 1988 అక్టోబరు నుంచి 1990 జూన్ దాకా, 94 భాగాలు, ఆదివారం పొద్దున. మా అత్తమ్మకు కూరగాయల బండి దగ్గర బేరమాడేంత హిందీ తప్ప రాదు. అయినా భీష్ముడు మాట్లాడితే ఒక్క ముక్క వదలకుండా పట్టేది. ఆ సంభాషణల నిండా సంస్కృతం కదా, మన హరికథల్లో, పురాణాల్లో విన్న మాటలే. రాసింది రాహీ మాసూమ్ రజా. ఒక ముస్లిం రచయిత రాసిన భారతాన్ని, హిందీ అంతంతమాత్రంగా వచ్చిన తెలుగు ముసలావిడ కన్నీళ్లు పెట్టుకుంటూ వినడం నా కళ్లతో చూశాను. ఆ గంట మాత్రం మిషను ఆపేసేదాన్ని.

ఇక 'పాడుతా తీయగా'. అన్నిటికంటే ఎక్కువ దీని గురించే చెప్పాలి.

ఈటీవీ 1995లో వచ్చింది, ఆ మరుసటి ఏడాది నుంచే బాలు గారి ఈ కార్యక్రమం. పాటల పోటీ అంటారు గానీ, నాకు అది పాట ఎలా వినాలో నేర్పిన బడి. అప్పటిదాకా పాట బాగుందనో, గొంతు బాగుందనో అనుకోవడమే తెలుసు. బాలు గారు వచ్చి ఆ పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది, ఆ చరణంలో ఫలానా మాట మీద గమకం ఎందుకు పడింది అని ఒక్కొక్కటే విప్పి చెప్పేవారు. రచయిత పేరు చెప్పకుండా పాట ముగిసేది కాదు. శ, ష, స తేడా పోతే ఊరుకునేవారు కాదు. ఒత్తులు మింగితే ఆపేవారు. కానీ ఆపే తీరుంది చూశారూ! తప్పు కుట్టు విప్పేటప్పుడు గుడ్డకు చిల్లు పడకుండా దారం లాగుతామే, అట్లా. ముందు బాగున్నది చెప్పేవారు, తర్వాత ఆ వరుస తనే పాడి చూపించేవారు, ఎదురుగా ఉన్న పిల్ల ముఖం చిన్నబోయేది కాదు. తర్వాత వచ్చిన ఎన్నో పోటీల్లో పిల్లలను ఏడిపించి, ఆ ఏడుపును దగ్గరగా చూపించి, వెనక విషాద సంగీతం పెట్టడం విన్నప్పుడు నాకు ఒళ్లు మండేది. పిల్లలకు నేర్పడానికి ఏడిపించక్కర్లేదని ఆయన వారం వారం చేసి చూపించారు కదా!

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలతో ఎలా మాట్లాడాలో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇది మాటవరసకు అనడం లేదు. కాజా వంకర కుట్టిన పిల్లకు ముందు తిన్నగా వచ్చిన హెమ్మింగ్ చూపిస్తాను.

కార్యక్రమం చివర్లో బాలు గారు 'సర్వేజనాః సుజనోభవంతు, సర్వేసుజనాః సుఖినోభవంతు' అనేవారు. ముందు మంచివాళ్లు కావాలి, ఆ మంచివాళ్లు సుఖంగా ఉండాలి అని. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక వాళ్లబ్బాయి చరణ్ గారు ఆ కార్యక్రమం నడుపుతున్నారు. వింటున్నాను, బాగానే చేస్తున్నారు.

హాస్య సీరియల్ 'అమృతం' సంగతి వేరు. జెమినీలో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, 2001 నుంచి 2007 దాకా. గుణ్ణం గంగరాజు గారి నిర్మాణం, 313 భాగాలు. అమృతరావు వేషం శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు, కానీ ఆంజనేయులు మాత్రం మొదటినుంచీ గుండు హనుమంతరావే. నన్నడిగితే దాని ప్రాణం అక్కడే ఉంది. ఆయన గొంతులో ఒక అమాయకపు ధీమా ఉంటుంది, 'నేను చెబుతున్నాగా' అన్నట్టు. ఆ ధీమా వినగానే వాళ్లిద్దరూ నడిపే హోటలుకు ఏదో మూడిందని మనకు ముందే తెలిసిపోతుంది. ఇంటి ఓనరు అప్పాజీగా శివన్నారాయణ, సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి. నలుగురి గొంతులూ నాలుగు రకాలు, కళ్లు మూసుకున్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తుంది. ఆడవాళ్లను వెక్కిరించకుండా, బూతు లేకుండా, ఏ వారం కథ ఆ వారం ముగించి అన్నేళ్లు నవ్వించారు. దసరా ముందు అర్ధరాత్రి దాకా బ్లౌజులు కుట్టే రోజుల్లో ఇప్పటికీ ఫోన్లో యూట్యూబ్ పెట్టి మిషను మీద ఆనించుకుంటాను. మా అబ్బాయి ఇంటర్ పుస్తకాలు పక్కన పెట్టి వచ్చి కూచుంటే ఏమీ అనను.

సీరియళ్లలో నాకు మంజులా నాయుడు గారివే ఇష్టం. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', తర్వాత జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు'. వాటిలో మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడుకునేవారు. కోడలు కాఫీ కప్పు కింద పెడితే పిడుగు పడ్డట్టు చప్పుడు, అదే ముఖం మూడుసార్లు, మూడుసార్లూ అదే చప్పుడు, ఇలాంటివి చెవులతో బతికే నాలాంటివాళ్లకు నిజంగా హింస. ఇప్పుడొచ్చే రోజువారీ సీరియళ్లలో ఎక్కువభాగం అందుకే పెట్టను.

దూరదర్శన్‌లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి హాస్య కార్యక్రమం 'ఆనందోబ్రహ్మ' కూడా నాకు నచ్చినవాటి వరసలోదే. దాన్ని మళ్లీ మొదటినుంచి వినాలని ఎప్పటినుంచో కోరిక. ప్రసారభారతి పాత హిందీ కార్యక్రమాలు యూట్యూబ్‌లో పెడుతోంది. మన యాదగిరి, సప్తగిరి ఛానళ్లు కూడా పాత తెలుగు నాటకాలు, హాస్య కార్యక్రమాలు, శాంతిస్వరూప్ గారి వార్తలు ఎన్ని మిగిలితే అన్ని ఒకచోట పెడితే బాగుంటుంది. మీలో ఎవరి దగ్గరైనా ఇంట్లో వీసీఆర్ మీద రికార్డు చేసిన క్యాసెట్లు ఉంటే దయచేసి పారేయకండి, బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టండి.