వైన్‌గంగ ఒడ్డున మార్కండేయుడి గుడి

మా ఊరు మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ. సిరొంచ వాళ్లకు శివరాత్రి అంటే కాళేశ్వరమే. గోదావరి దాటితే చాలు. వంతెన లేని రోజుల్లో పడవలెక్కి పోయేవాళ్లు, ఇప్పుడు ఆటో దిగితే గుడే. ఈసారి మా అవ్వ ఎదురు దిక్కు పట్టింది.

"మనం పద్మశాలోళ్లం. మార్కండేయుడు మన మూలపురుషుడాయె. ఆయన గుడి మన జిల్లాలనే ఉన్నదంటరు, ఒక్కపారన్న చూపియ్యరా" అంది.

మార్కండేయుడి కొడుకు భావనాఋషే మొదట మగ్గం మీద బట్ట నేశాడని మా ఇళ్లలో చెప్పుకుంటారు. కాబట్టి కాదనడానికి లేదు. శివరాత్రి జాతర రద్దీ తగ్గాక ఒక సోమవారం చూసుకుని ఎస్టీ (మహారాష్ట్ర సర్కారు) బస్సెక్కాం. ఆలాపల్లి దాకా టేకు అడవి. రోడ్డు సంగతి రాయను, ఆ దారిన పోయినవాళ్ల నడుములనడగండి. చామోర్షి చేరేసరికి చుట్టూ మరాఠీయే. అవ్వ మాత్రం అందరితో తెలుగే మాట్లాడింది, పనులూ జరిగాయి.

గుడి సరిగ్గా నది గట్టు మీద ఉంది. దక్షిణానికి పారే వైన్‌గంగ ఇక్కడ ఉత్తరానికి తిరుగుతుంది, అందుకే ఈ చోటుకు అంత పవిత్రత. ఇది ఒక్క గుడి కాదు, చిన్నా పెద్దా గుళ్ల గుంపు. 10-12 శతాబ్దాల నాటి రాతి పని. విదర్భ ఖజురాహో అంటారు గానీ ఇంకో ఊరి పేరు పెట్టి పొగడడం నాకు నచ్చదు. ఎప్పుడో పిడుగు పడి పెద్ద గుడి శిఖరం దెబ్బతిందట. 1870లలో పురావస్తు శాఖ కన్నింగ్‌హామ్ దొర వచ్చి ఈ గుళ్ల వివరాలు రాసుకుపోయాడు.

లోపల దర్శనం త్వరగానే అయింది. మారేడు దళాలు వేశాం, దండం పెట్టాం. కళ్లు మూసుకుంటే నాకెప్పుడూ అప్పులు, ఫోన్లు గుర్తొస్తాయి. అక్కడా అదే. బయటికొచ్చి చూస్తే అవ్వ గోడ దగ్గర ఆగిపోయి ఉంది.

గోడ నిండా వరసలు వరసలుగా బొమ్మలు, మధ్య మధ్య పూల తీగలు. చీర అంచు చూసినట్టు మొదటి నుంచి చివరి దాకా చూస్తోంది అవ్వ. ఒక చోట వేలు పెట్టబోతే కాపలా మనిషి "ఆజీ, హాత్ లావూ నకా" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది గానీ కదల్లేదు.

"ఈడిదాంక ఒకడు, ఈడికెళ్లి ఇంకోడు చెక్కిండు. చెయ్యి మారింది చూడు" అంది.

నాకేం తేడా కనిపించలేదు. పక్కన కూర్చోబెట్టి చూపించింది. ఇటువైపు ఆకులు గుండ్రంగా తిరిగాయి, అటువైపు కొసలు కొంచెం పదునుగా ఉన్నాయి. "తండ్రీ కొడుకులైతరు. పని ఒక్కతీరుగనే నేర్చిండ్రు, తొందర మాత్రం చిన్నోనిది."

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎండ గోడ మీదికి పాకుతుంటే బొమ్మలు ఒక్కొక్కటే లేచినట్టు కనిపించాయి. అప్పులు గుర్తురాలేదు. వెయ్యేళ్ల కిందట ఎవరో రోజంతా ఒక ఆకు మీదే మనసు పెట్టి కూర్చున్న చోటు అది, ఆ మనసు ఇంకా అక్కడే ఉన్నట్టు అనిపించింది. నేను దాన్ని దేవుడనే అంటాను. మా బావకు చెబితే "అది కళ, భక్తి వేరు" అన్నాడు. చెక్కినవాడు ఆ రెంటినీ విడివిడిగా చూశాడంటే నేను నమ్మను.

తర్వాత నదిలోకి దిగాం. ఈ వైన్‌గంగే కింద వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది, మా సిరొంచ ముందు నుంచి పోయి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 పుష్కరాలకు మేం మునిగింది ఈ నీళ్లలోనే. ఇక్కడ మార్కండేయుడి కోసం శివుడు యముణ్ణి తన్నిన కథ. అక్కడ కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడి లింగం, శివుడి లింగం పక్కపక్కన.

అవ్వ నవ్వింది. "ఈడ తన్నులు తిన్నడు, ఆడికి పోయి పక్కనే కూసున్నడు. పంచాదులన్నీ ఇట్లనే తెగాలె."

పూల తీగ ఫోటో షోలాపూర్‌లో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసే బాబాయికి పంపాను. నారళీ పున్నమికి అక్కడ మార్కండేయుడి రథం తీస్తారు, ఏటా రమ్మని పిలుస్తుంటాడు. ఈసారి ఆ మాటెత్తకుండా వెంటనే ఫోన్ చేశాడు.

"బొమ్మలు నాకొద్దురా, ఆ తీగనే దగ్గరికెళ్లి తియ్యి. పక్కన ఒక జానెడు పుల్ల పట్టుకో, లేకుంటే కొలతెట్ల తెలుస్తది?"