ఎండాకాలంలో చిట్టితో కొండెక్కిన రోజు

మా కుక్క చిట్టికి 4 ఏళ్లు, బరువు 20 కిలోలు. రోజూ పొద్దున్నే నాతో గంటసేపు నడుస్తుంది, కాబట్టి ఎక్కలేదేమోనన్న బెంగ లేదు. నా భయమల్లా ఎండ గురించే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద మెత్తల దగ్గర కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే ముఖ్యంగా నోరు తెరిచి రొప్పాల్సిందే. అందుకే సగం దూరం చెట్ల నీడ ఉన్న, జనం పెద్దగా వెళ్లని కొండను చూసుకున్నాను. కుక్కల్ని రానిస్తారో లేదో ముందే కనుక్కున్నాను.

మామూలు రోజుల్లోనే కుక్కకు కిలో బరువుకు 50, 60 మిల్లీలీటర్ల నీళ్లు కావాలి. ఎండలో ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ. దానికి రెండున్నర లీటర్లు, నాకు మూడు. భుజాల మీద ఐదున్నర కిలోలు నీళ్లే! దారిలో ఊట దొరుకుతుందని నమ్ముకుని బయల్దేరడం నాకిష్టం లేదు.

ఉదయం 5 గంటలకు నడక మొదలుపెట్టాం. పదకొండయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలని ముందే అనుకున్నాను. చెట్ల కింద రెండు గంటలు హాయిగా గడిచాయి. మెడ మీద లాగుడు పడకుండా ఛాతీకి హార్నెస్ (ఒంటి చుట్టూ కట్టే పట్టీ) వేశాను. ఏ జంతువు వాసనో తగిలి పరిగెత్తుతుందేమోనని లీష్ (పట్టుకునే తాడు) మాత్రం వదల్లేదు.

చెట్లు అయిపోయి బండలు మొదలయ్యాక అసలు కష్టం తెలిసింది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుందని ధీమాగా ఉన్నాను. 1000 మీటర్ల ఎత్తుకు సగటున 6.5 డిగ్రీలు తగ్గే మాట నిజమే, కానీ అది గాలి సంగతి. ఎండకు కాలిన బండ సంగతి వేరు. చేతి వెనకభాగం బండకు ఆనించి చూశాను. 7 సెకన్లు ఉంచలేకపోతే దాని మీద కుక్కను నడిపించకూడదు. నేను నాలుగు లెక్కపెట్టేలోపే చెయ్యి తీసేశాను. అప్పుడు చిట్టి వైపు చూస్తే నాలుక పొడుగ్గా వేలాడుతోంది, చివర గరిటెలా వెడల్పయింది. చొంగ తీగలా సాగుతోంది. అయినా తోక ఊపుతూ నా వెనకే వస్తోంది! గుండె ఝల్లుమంది. మనం ముందు నడుస్తుంటే అది ఆగదు, ఓపిక అయిపోయినా వస్తూనే ఉంటుంది. ఆగాల్సింది నేనే.

ఒక పెద్ద బండ నీడలో కూలబడ్డాం. నీళ్లు ఒకేసారి పోయకుండా గిన్నెలో కొంచెం కొంచెంగా పోశాను. పొట్ట కింద, తొడల మధ్య, పాదాలు తడిపాను. పై పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలాను. తెల్లబడి, రెండు సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకొచ్చింది, అంటే రక్తం బాగానే ఆడుతోందన్నమాట. అప్పటికి గానీ ఊపిరి పీల్చుకోలేదు. అరగంటలో తేరుకోకపోతే దిగిపోదామనుకున్నాను. ఇరవై నిమిషాలకే నాలుక లోపలికి వెళ్లింది. లేచి ఒళ్లు దులుపుకుని గడ్డి వాసన చూడ్డం మొదలుపెట్టింది.

బండల దారి మానేసి, నీడ పడే వైపు నుంచి గడ్డిలో చుట్టు తిరిగి వెళ్లాం. దూరం ఎక్కువైనా పది కాకముందే శిఖరం చేరాం. పైన ఒక్క మనిషి లేడు. గాలి తప్ప చప్పుడు లేదు. చిట్టి నా కాలికి ఆనుకుని కూర్చుని, కళ్లు సగం మూసి, చెవులు మాత్రం అటూ ఇటూ తిప్పుతోంది. ఆ పావుగంట ఫోన్ బయటికి తీయాలనిపించలేదు.

దిగేటప్పుడు బరువంతా ముందు కాళ్ల మీదే పడుతుంది. ఎడమ పాదం మెత్త కాస్త గీరుకుపోయింది. నీళ్లతో కడిగి, తెచ్చుకున్న కుక్క బూటు తొడిగి, మెల్లగా నడిపించాను. ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల సందుల్లో వెతికితే ఒక పిడుదు కనిపించింది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, తిప్పకుండా నిటారుగా లాగేశాను.

నాలుగో రోజుకు పాదం మానింది. ఈసారి మాత్రం చలి మొదలయ్యాకే దాన్ని కొండకు తీసుకెళ్తాను.