సొంత ఫ్లాటే, కానీ కార్పెట్ తీయాలన్నా అడగాలి

పోయిన వారం ఇక్కడే ఇంగ్లండ్‌లో ఉండే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, వరసకి తమ్ముడే లెండి. "అక్కా ఫ్లాట్ తాళాలు వచ్చేశాయి, కిచెన్‌కీ హాల్‌కీ మధ్య గోడ కొట్టించేద్దాం అనుకుంటున్నా, మీ బిల్డర్ నంబర్ ఇవ్వు" అన్నాడు. నంబర్ సంగతి తర్వాత, ముందు లీజు చదివావా అని అడిగా. "లీజేంటక్కా, కొనుక్కున్నాం కదా, అద్దెకి కాదుగా" అన్నాడు. మేం కొన్న కొత్తలో మా ఆయన కూడా అచ్చం ఇదే మాట అన్నారు, అందుకే వాడికి ఫోన్‌లో చెప్పిందంతా ఇక్కడ కూడా రాసి పెడుతున్నా.

మన ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొంటే కింద స్థలంలో కూడా మన వాటా, అదే యూడీఎస్, మన పేరు మీద రిజిస్టర్ అవుతుంది. ఆ లెక్కలోనే ఇక్కడా ఆలోచిస్తాం. కానీ ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్లు చాలావరకు లీజ్‌హోల్డ్, అంటే 99 ఏళ్ళకో 125 ఏళ్ళకో 999 ఏళ్ళకో ఆ ఇంట్లో ఉండే హక్కు మాత్రమే కొంటాం, నేల, పైకప్పు, బయటి గోడలు మామూలుగా ఫ్రీహోల్డర్‌వే, అంటే బిల్డింగ్ అసలు ఓనర్‌వే. కిటికీలు ఎవరివో కూడా లీజులో చూస్తేనే తెలుస్తుంది. ఆ కాగితంలో మనం ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అన్నీ రాసుంటాయి, మనం సంతకం పెట్టకపోయినా ముప్పై ఏళ్ళ క్రితం మొదట కొన్నవాళ్ళు ఒప్పుకున్న షరతులన్నీ ఇవాళ మన మీదే ఉంటాయి.

మా సంగతి చెప్తా. మాది రెండో అంతస్తు. అత్తయ్యగారు ఆర్నెల్లు ఉండటానికి వస్తున్నారు, ఆవిడకి దుమ్ము పడదు, కార్పెట్ పాతబడి వాసనొస్తోంది, సరే అని ఒక వీకెండ్‌లో మొత్తం పీకించి చెక్కలా కనిపించే లామినేట్ ఫ్లోరింగ్ వేయించేశాం. నెల తిరక్కుండా ఫ్రీహోల్డర్ తరఫున బిల్డింగ్ చూసుకునే మేనేజింగ్ ఏజెంట్ నుంచి లెటర్, లీజులో ఫలానా క్లాజు ప్రకారం గదుల్లో కార్పెట్ ఉండాలి, మీరు దాన్ని ఉల్లంఘించారు అని. నాకు ఒళ్ళు మండింది, మా ఇంట్లో మా నేల మీద వీళ్ళ పెత్తనం ఏంటి అనిపించింది. ఆ రోజు సాయంత్రమే కింద ఫ్లాట్ ఆవిడ తలుపు కొట్టి, ఒక్కసారి మా ఇంటికి రండి, గొడవకి కాదు, వినడానికి అని పిలిచింది. వెళ్ళి వాళ్ళ సోఫాలో కూర్చున్నా. పైన మా ఆయన హాల్లోంచి కిచెన్‌లోకి నడుస్తున్నారు, ఒక్కో అడుగూ లెక్కపెట్టొచ్చు. ఇంతలో ఎవరి చేతిలోంచో స్టీలు గ్లాసు జారినట్టుంది, టంగుమని పడి ఆ గోడ నుంచి ఈ గోడ దాకా దొర్లుకుంటూ వెళ్ళి ఆగేవరకూ ఆ శబ్దం నా నెత్తి మీదే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. నేను సారీ చెప్పి పైకొచ్చేశా.

తర్వాత ఏజెంట్‌కి రాసి, లామినేట్ కింద శబ్దం ఆపే మందపాటి పొర, అదే అకౌస్టిక్ అండర్‌లే, వేయించి, బెడ్‌రూముల్లో మళ్ళీ కార్పెట్ పెట్టి, అప్పుడు చేసేశాక తీసుకునే పర్మిషన్ తీసుకున్నాం. వాళ్ళ ఫీజు, సర్వేయర్ ఫీజు అన్నీ మా మీదే. ముందే అడిగుంటే ఒక్కసారి ఖర్చుతో పోయేది.

మార్పుల విషయంలో లీజు మాట మూడు రకాలుగా ఉంటుంది. అసలు చెయ్యకూడదు అని ఉంటే ఫ్రీహోల్డర్ ఒప్పుకోవాల్సిన అవసరమే లేదు. పర్మిషన్ లేకుండా చెయ్యకూడదు అని ఉంటే మాత్రం 1927 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ యాక్ట్ మనకి కాస్త అండ, ఇంటిని మెరుగుపరిచే పని అయితే సరైన కారణం లేకుండా కాదనకూడదు. కారణం లేకుండా నిరాకరించకూడదు అని లీజులోనే రాసుంటే ఇంకా మంచిది. మా తమ్ముడి గోడ మొదటి రకంలోకి వస్తుందేమో అని నా భయం, ఎందుకంటే బరువు మోసే గోడల విషయంలో చాలా లీజులు గట్టిగా ఉంటాయి. 2020లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన డువాల్ కేసు ఇలాంటిదే, లండన్‌లో ఒక ఫ్లాట్ ఓనర్ బరువు మోసే గోడలో కొంత తీయిస్తానంటే ఫ్రీహోల్డర్ సరేనన్నాడు, ఇంకో ఫ్లాట్ ఆవిడ ఒప్పుకోలేదు, చివరికి కోర్టు ఆవిడ పక్షమే నిలబడింది. అక్కడ లీజుల్లో ఆ పనికి పూర్తి నిషేధం ఉంది, ఎవరైనా అడిగితే ఆ షరతుని అమలు చేస్తానని ఫ్రీహోల్డర్ మిగతా ఫ్లాట్ల వాళ్ళకి మాటిచ్చాడు, అలాంటప్పుడు ఒకరికి మాత్రం సరే అనే అధికారం అతనికే లేదు. అంటే ఏజెంట్ నోటితో ఓకే అన్నాడు కదా అని సుత్తి పట్టుకోవద్దు. ఇంకోటి, ఫ్లాట్ మెయిన్ డోర్ బాలేదని మార్చేవాళ్ళు చాలామంది ఉన్నారు, అది మామూలుగా ఫైర్ డోర్, మెట్ల వైపు పొగ రాకుండా ఆపేది అదే, దయచేసి అడక్కుండా ముట్టుకోకండి.

ఫ్రీహోల్డర్ పర్మిషన్ వేరు, బిల్డింగ్ రెగ్యులేషన్స్, అంటే కట్టుబడి పనులకి ప్రభుత్వం పెట్టిన నియమాలు, వేరు, ఒకటుంటే రెండోది వచ్చినట్టు కాదు. ఇవన్నీ ఇప్పుడు ఎవరూ అడక్కపోయినా అమ్మే రోజున కొనేవాళ్ళ లాయర్, ఇక్కడ సాలిసిటర్ అంటారు, అడుగుతాడు, కాగితం లేకపోతే అక్కడ ఆగిపోతుంది.

ఇక సబ్‌లెట్, అంటే మన ఫ్లాట్‌ని మనం ఇంకొకరికి అద్దెకివ్వడం గురించి. మాకు తెలిసినాయన నాన్నగారికి ఒంట్లో బాలేక ఇండియా వెళ్తూ, ఖాళీగా ఎందుకని ఫ్లాట్‌ని రోజుల లెక్కన టూరిస్టులకి ఇచ్చాడు. లీజులో ప్రైవేట్ రెసిడెన్స్‌గా మాత్రమే వాడాలి అని ఉంది. సరిగ్గా ఈ మాట మీదే 2016లో అప్పర్ ట్రిబ్యునల్ (ఇలాంటి లీజు తగాదాల మీద అప్పీళ్ళు వినేది) తీర్పు ఉంది, రోజులకీ వారాలకీ వచ్చిపోయేవాళ్ళకి ఇస్తే ఆ షరతు తప్పినట్టే అని. లెటర్ రాగానే ఆపేశాడు కాబట్టి సరిపోయింది. ముదిరితే ట్రిబ్యునల్, ఆ తర్వాత లీజు రద్దు దాకా కూడా పోవచ్చు. ట్రిబ్యునలో కోర్టో తప్పని తేల్చకుండా, మనం ఒప్పుకోకుండా, లీజు రద్దుకి ముందు ఇచ్చే నోటీసు ఇవ్వడానికి వీల్లేదనే రక్షణ మాత్రం 2002 నాటి కామన్‌హోల్డ్ అండ్ లీజ్‌హోల్డ్ రిఫార్మ్ యాక్ట్‌లో ఉంది. ఆర్నెల్లకో ఏడాదికో మామూలుగా అద్దెకిస్తే చాలా లీజులు ఒప్పుకుంటాయి, కాకపోతే కొన్ని ముందే పర్మిషన్ అడగమంటాయి, కొన్ని ఇచ్చాక నెలలోపు చెప్పి ఫీజు కట్టమంటాయి. ఆ ఫీజు సమంజసంగా ఉండాలి, 2012లో ఒక కేసులో అప్పర్ ట్రిబ్యునల్ 40 పౌండ్లు ప్లస్ వ్యాట్ చాలంది, కాబట్టి వందలు అడిగితే ఎందుకో చెప్పమనండి. హోమ్ లోన్ ఉంటే బ్యాంకు నుంచి కూడా కన్సెంట్ టు లెట్, అంటే అద్దెకివ్వడానికి ఒప్పుకోలు, కావాలి, ఇది మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోతారు. అద్దెకున్నవాళ్ళు రాత్రి పాటలు పెట్టినా లెటర్ మన పేరు మీదే వస్తుంది.

ఇన్సూరెన్స్ దగ్గర మా ఇంట్లో కిచెన్ సీలింగే పాఠం చెప్పింది. పై ఫ్లాట్‌లో వాషింగ్ మెషిన్ పైపు ఊడి రాత్రంతా నీళ్ళు కారితే పొద్దున్నకి మా సీలింగ్ పూరీలా ఉబ్బింది. సీలింగ్, గోడలు ఫ్రీహోల్డర్ తీసుకున్న బిల్డింగ్ పాలసీ చూసుకుంది, ఆ ప్రీమియం మనమే సర్వీస్ ఛార్జ్‌లో, అంటే బిల్డింగ్ నిర్వహణ కోసం ఇచ్చే డబ్బులో, కడతాం. కింద నానిపోయిన బియ్యం బస్తా, మిక్సీ, మైక్రోవేవ్ మాత్రం ఇంట్లో సామాన్లకి మేం తీసుకున్న కంటెంట్స్ పాలసీ మీద. ఎక్సెస్, అంటే క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వని మొదటి భాగం, ఎవరు భరించాలనే దాని మీద నెల రోజులు మెయిల్స్ నడిచాయి, అది లీజునీ పాలసీనీ బట్టి ఉంటుంది. పాలసీలో ఏం కవర్ అవుతుందో సమ్మరీ ఇవ్వమని రాసి అడిగే హక్కు లీజ్‌హోల్డర్‌కి ఉంది, 21 రోజుల్లో ఇవ్వాలి. ఇంట్లో మార్పులు చేయించినా, అద్దెకిచ్చినా, 30 రోజులు దాటి ఖాళీగా పెట్టి ఇండియా వెళ్ళినా ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పండి, చాలా పాలసీల్లో ఖాళీ ఇంటికి నీళ్ళ నష్టం కవర్ ఆగిపోతుంది. మేమైతే ఊరెళ్ళేటప్పుడు ఇంటికి నీళ్ళొచ్చే మెయిన్ వాల్వ్, అదే స్టాప్‌కాక్, కట్టేసి వెళ్తాం.

లీజు అర్థం కాకపోతే ప్రభుత్వ నిధులతో నడిచే లీజ్‌హోల్డ్ అడ్వైజరీ సర్వీస్ ఉంది, పొట్టిగా LEASE అంటారు, ఉచితంగా చెప్తారు.

మా తమ్ముడు లీజు పీడీఎఫ్ పంపించాడు, 38 పేజీలు, ఈ శనివారం కూర్చుని చదువుతాం. మాకూ బాత్రూమ్ టబ్ తీసి అత్తయ్యగారికి వీలుగా షవర్ పెట్టించాలని ఉంది, ప్లాన్, ప్లంబర్ వివరాలు పెట్టి మూడు వారాల క్రితం ఏజెంట్‌కి పంపించా. ప్లంబర్ నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు, సోమవారం ఖాళీగా ఉన్నా రానా అని. కాగితం రాలేదు, ఆగమన్నా.