ఐల్ ఆఫ్ వైట్‌లో తీతువు పిట్ట

ఇంగ్లాండ్‌కి దక్షిణాన ఐల్ ఆఫ్ వైట్ అని చిన్న దీవి, మేం ఉండేది అక్కడే. మా ఆయనకి ఇక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు "చుట్టూ నీళ్లంట, ఎలా ఉంటారే" అన్నారు అందరూ, అసలు నేను పుట్టిందే కోనసీమ లంకలో, చిన్నప్పుడు పంటు ఎక్కకుండా నర్సాపురం కూడా వెళ్లింది లేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఫెర్రీని పంటు అనే అంటాం. చిన్నోడు స్కూల్లో కూడా అలాగే అనేస్తే వాళ్ల టీచర్ కేంబ్రిడ్జ్‌లో కర్రతో తోసే 'పంట్' అనే పడవ ఎక్కి వచ్చామనుకుందట, సర్లెండి.

మార్చి వచ్చిందంటే ఆదివారం పొద్దున్నే బ్రేడింగ్ మార్షెస్ అనే చిత్తడి నేల వైపు నడక. ఒకప్పుడు అదంతా సముద్రపు పాయే, 1880 ప్రాంతంలో గట్టు కట్టి నేల చేశారు, 2001లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంస్థ కొనుక్కుంది. తడి గడ్డి, మధ్యలో బోదెలు, ఆవులు, తెల్ల కొంగలు... ఆ కొంగలు చూస్తే మా చేను గట్టు మీద ఉన్నట్టే ఉంటుంది నాకు. నిజంగానే అదే జాతి, మన ఊళ్లో తిరిగేదే. ఇంగ్లాండ్‌లో మొదటిసారి గూడు కట్టింది 1996లోనంట, అదీ ఒక దీవిలోనే. మా కంటే కొంచెం ముందు వచ్చి సెటిలయ్యాయి అంతే.

ఈసారి మాత్రం పెద్దదాని కళ్లన్నీ లాప్‌వింగ్ అనే పిట్ట మీదే. తల వెనక సన్నటి జుట్టు నిక్కబొడుచుకుని, వీపు ఎండలో పచ్చగా మెరుస్తూ, మగది పైకి లేచి ఒక్కసారిగా పల్టీ కొట్టి నేలకి కొట్టుకుంటుందేమో అన్నట్టు జారిపోయి మళ్లీ లేస్తుంది, రెక్కల చప్పుడు కూడా వినిపిస్తుంది. ఇక్కడి పాతోళ్లు దాన్ని పీవిట్ అంటారు, అరుపుని బట్టి వచ్చిన పేరు. నేను ఆ అరుపు విని ఆగిపోయా. ఇది తీతువు కదా! మన దగ్గర కంటి ముందు ఎర్ర తిత్తి ఉండే రకం, ఇది జుట్టు ఉన్న రకం, దగ్గరి చుట్టాలు, రెండు చోట్లా జనం అరుపులోంచే పేరు తీశారు.

ఆ సంతోషంలో అక్కడి నుంచే అమ్మకి వీడియో కాల్ చేశా, అప్పటికే టైమ్ మారింది కాబట్టి ఇక్కడ పదంటే అక్కడ రెండున్నర, భోజనం చేసి కూర్చుంది. "అమ్మా, తీతువు చూడవే" అన్నా. అంతే.

"శుభమా అని ఆదివారం పూట తీతువు కూత వినిపిస్తావేంటే! ఫోన్ అటు తిప్పు ముందు, పిల్లల్ని తీసుకుని ఇంటికి పో."

తీతువు కూస్తే చావు కబురని మా వైపు నమ్మకం, నేనూ చిన్నప్పుడు రాత్రిళ్లు దుప్పటి ముసుగేసుకున్నదాన్నే. పెద్దదానికి మొహం మాడిపోయింది. "అమ్మమ్మా అది బ్యాడ్ బర్డ్ కాదు, అదే పాపం తగ్గిపోతోంది, 2009 నుంచీ రెడ్ లిస్టులో ఉంది" అని సగం ఇంగ్లీషు సగం తెలుగులో వాదించింది. నాకేమో ఎవరి వైపు మాట్లాడాలో తెలీలేదు. ఇలాంటివి పిల్లలకి చెప్పకూడదనే అనుకున్నా ఇన్నాళ్లూ, అయితే చిన్నోడు చూడండి, దారిలో మాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట ఒంటరిగా కనిపిస్తే చాలు సెల్యూట్ కొట్టి గుడ్ మార్నింగ్ మిస్టర్ మాగ్‌పై అంటాడు, లేకపోతే చెడు జరుగుతుందని ఫ్రెండ్స్ చెప్పారట. మన మూఢనమ్మకం నేను ఆపితే వీళ్ల ఊరిది అంటుకుంది.

మనవరాలు అలిగేసరికి అమ్మ మెత్తబడి కథ మొదలెట్టింది. తీతువు జంట సముద్రం ఒడ్డున గుడ్లు పెడితే సముద్రం లాక్కుపోయిందట, పిట్టలన్నీ కలిసి గరుత్మంతుడి దగ్గరికి పోయి ఏడిస్తే ఆయన విష్ణుమూర్తికి చెప్పాడట, సముద్రం భయపడి గుడ్లు తిరిగిచ్చేసిందట. చావు కబురు పిట్టకి ఇంత మంచి కథ కూడా ఉందని అమ్మ నాకు ఎప్పుడూ చెప్పలేదు, అది వేరే సంగతి. "మరి ఇక్కడ గరుత్మంతుడు ఎవరు?" అన్నాడు చిన్నోడు. ఎవరేంటి, ఎదురుగా ఉన్న కల్వర్ క్లిఫ్ మీదే 1780లో తెల్లతోక గద్దల ఆఖరి జంట గూడు పెట్టింది, ఆ తర్వాత దక్షిణ ఇంగ్లాండ్‌లో లేకుండా పోయాయి, 2019లో మళ్లీ గద్ద పిల్లల్ని తెచ్చి ఈ దీవిలో వదలడం మొదలెట్టారు అని చెప్పా. వాడు ఫిక్సయిపోయాడు.

రెండు వారాలకి నిజంగానే వచ్చింది ఒకటి. తలుపు ఊడి గాల్లో తేలుతున్నట్టు ఉంది రెక్కలు చాచి. చిన్నోడు "గరుత్మంతుడు!" అని అరిచాడో లేదో, మార్ష్ మీద ఉన్న తీతువులన్నీ ఒక్కసారి లేచి, పీవిట్ పీవిట్ అని కేకలేస్తూ దాని నెత్తి మీద పడ్డాయి, కాకులు కూడా తోడయ్యాయి, అంత పెద్ద గద్దా హార్బర్ వైపు తప్పుకుంది. పిల్లల్ని తినేస్తుందనే భయం కదా వాటికి.

చిన్నోడికి ఏం అర్థం కాలేదు. అమ్మమ్మ కథ తప్పా అన్నాడు. వాళ్లక్క మాత్రం ఆ సాయంత్రమే ఫోన్ చేసి మొత్తం చెప్పింది. అమ్మ అంతా విని, "అయితే గుడ్లు పెట్టేసినట్టే, లేకపోతే అంత గోల చెయ్యవు. ఆవులు తొక్కకుండా చూస్తారా వాళ్లు?" అంది.