రేలపువ్వుకు ముందు పెన్సిల్, తర్వాతే అట్టలు

తిరుపతి చుట్టుపక్కల ఎండలు ముదిరేసరికి రేలచెట్లు పసుప్పచ్చగా గెలలు వేలాడేస్తాయి. హెర్బేరియం (ఎండబెట్టి అట్టకు అతికించి దాచే మొక్కల సేకరణ) నమూనా చేయడం నేర్చుకునేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం. ఈ పువ్వును ఎండబెడితే ఏం పోతుందో కళ్లకు కనిపిస్తుంది.

పువ్వులో పది కేసరాలు. మూడు పొడవుగా, కొడవలిలా వంగి బయటికొస్తాయి. నాలుగు పొట్టివి. మిగతా మూడు మరీ చిన్నవి. అట్టల మధ్య నలిగాక ఈ తేడా చూడాలంటే పువ్వును మళ్లీ వేడినీళ్లలో నానబెట్టుకోవాల్సిందే. అందుకే బొమ్మ ముందు.

పొద్దున్నే కోసిన గెలను తడిగుడ్డతో కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, వాడిపోకముందే గీయాలి. పది రెట్లు పెద్దగా చూపే చేతి లెన్స్, హెచ్‌బీ పెన్సిల్ చాలు. పువ్వును రెట్టింపు సైజులో గీసి, పక్కనే అసలు పువ్వులోని ఒక సెంటీమీటరును చూపే స్కేల్ గీత (బొమ్మలో రెండు సెంటీమీటర్ల పొడవు) పెట్టండి. 'రెండు రెట్లు' అని మాత్రమే రాస్తే, బొమ్మను అచ్చులో చిన్నది చేసినప్పుడు ఆ మాట అబద్ధమైపోతుంది. గీత అయితే బొమ్మతోపాటే తగ్గుతుంది. ఇంకు వేసేటప్పుడు నీడలకు 0.1 మిల్లీమీటర్ల మొన ఉన్న పెన్నుతో చుక్కలు పెట్టండి, రుద్దొద్దు.

ఇక మొక్కను నొక్కి ఎండబెట్టే ప్రెస్. 45×30 సెంటీమీటర్ల చెక్కలు రెండు, పాత న్యూస్‌పేపర్లు, బ్లాటింగ్ పేపర్, గట్టిగా బిగించే రెండు బెల్టులు. చివర్లో అతికించే షీట్ సుమారు 42×28 కాబట్టి పొడవాటి గెలను కత్తిరించకుండా 'వి' ఆకారంలో మడవండి. ఒక ఆకునైనా తిరగేసి పెట్టాలి, అడుగువైపు ఈనెలు, నూగు కనబడాలి. మొదటి మూడు నాలుగు రోజులు రోజూ కాగితం మార్చాలి. అక్టోబరు, నవంబరు వానల్లో అయితే రోజుకు రెండుసార్లు. ఇక్కడ బద్ధకిస్తే ఆకులు నల్లబడతాయి, బూజు పడుతుంది, చిట్టాకులు రాలిపోతాయి. కర్రలాంటి కాయ ప్రెస్‌లో పట్టదు. విడిగా ఎండబెట్టి, గెలకు ఇచ్చిన నంబరునే చీటీ మీద రాసి కట్టండి. పువ్వు రంగు, చెట్టు ఎత్తు, చోటు, తేదీ ఆ రోజే రాసెయ్యాలి, ఎండాక రంగు మిగలదు.

పురుగు పట్టకుండా, బాగా ఎండిన షీట్లను గాలి చొరని పాలిథిన్ కవర్లో మూసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచాలి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేవరకు కవర్ విప్పొద్దు, విప్పితే చెమ్మ నేరుగా ఆకు మీదే చేరుతుంది. పాతకాలపు మెర్క్యురిక్ క్లోరైడ్ పూత ఘోరమైన విషం, ఇంట్లో దాని జోలికి పోవద్దు.

శేషాచలం కొండల్లో మాత్రం కత్తెర సంచిలోనే ఉండాలి. 1989 నుంచి అందులో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. ఎర్రచందనం, పేరీత (సైకస్ జాతి మొక్క) లాంటివి మరీ అరుదు, అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తుంచకూడదు. అలిపిరి మెట్ల దారిలో కూర్చుని బొమ్మ గీసుకోండి. ఎర్రచందనం కాయ గుండ్రంగా, మధ్యలో గింజ, చుట్టూ పల్చటి రెక్కతో ఉంటుంది. దాన్ని ముందువైపు నుంచి ఒకసారి, అంచువైపు నుంచి ఒకసారి గీయండి.