‘ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?’ అని అడిగిన డాక్టర్ గారికి

హన్మకొండలో బ్లౌజులు కుట్టి బతికేదాన్ని. వానాకాలంలో విరేచనాలు పట్టుకుని తగ్గాయి. తగ్గాయి కదా అని మళ్లీ పనిలో పడ్డాక, మిషన్ తొక్కుతుంటే పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. మర్నాటికి మెట్లెక్కలేకపోయాను. ఆర్‌ఎంపీ బీ12 సూది వేసి ‘నరాల వీక్‌నెస్’ అన్నాడు. అత్తమ్మ గాలి సోకిందంది. వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు తెలిసింది అంతే.

మీరు చదువుకున్నవారు. మా ఆయన నన్ను ఎత్తుకుని తీసుకొస్తే, స్కాన్ నార్మల్ అని చెప్పి, ఫోన్ చూసుకుంటూనే ఆ మాట అడిగారు. నిద్రమాత్ర రాసి పంపారు. మా ఆయన దారంతా నా మొహం చూడలేదు. ఆయన కూడా ఒక క్షణం నమ్మాడేమో అన్న అనుమానం నాకు ఇప్పటికీ పోలేదు.

మర్నాడు ఇంకో ఆసుపత్రిలో న్యూరాలజీ డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టారు. మామూలుగా అయితే కాలు దానంతటదే ఎగరాలట, నాకు కదలలేదు. ‘ఈమధ్య విరేచనాలయ్యాయా అమ్మా?’ అన్నారు. గులియన్ బారే సిండ్రోమ్. 2025లో పుణెలో చాలామందికి వచ్చిందని టీవీల్లో చూపించారే, అదే. సరిగా ఉడకని కోడిమాంసంలో, కలుషితమైన నీళ్లలో క్యాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉంటుందట. దాని పైపొర మీదున్న పదార్థం మన నరాల మీదున్న పదార్థంలాగే ఉంటుంది. దాన్ని చంపడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు, దొంగ పోలికలున్నాయని ఇంటి మనిషినే చితకబాదినట్టు, మన నరాల మీద పడతాయి. నాకూ అదే అయ్యుంటుందన్నారు.

వెన్నులో నీరు తీయడం, నరాలకు కరెంటు పరీక్ష, అవన్నీ అయ్యాయి. చెప్పాల్సింది ఐసీయూలో ఆ రాత్రి గురించి. ములుగు పిల్ల ఒకామె నర్సు. ‘అక్కా, ఒక్క గుక్కలో ఒకటి నుంచి లెక్కపెట్టు’ అనేది. సాయంత్రం ఇరవై దాకా చెప్పగలిగాను. అర్ధరాత్రికి పన్నెండు దగ్గరే ఊపిరి అయిపోయింది. తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. అరుద్దామంటే గొంతు లేదు. అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ తెలుస్తున్నాయి, వేలు కూడా కదలదు. ‘ఎనిమిదే వస్తున్నాయి సార్’ అని ఆ పిల్ల పరుగెత్తి డాక్టరును లేపుకొచ్చింది కాబట్టి వెంటిలేటర్ మీద పెట్టారు. లేకపోతే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ఐవీఐజీ అని, ఆరోగ్యవంతుల యాంటీబాడీలతో చేసిన మందు ఐదు రోజులు ఎక్కించారు. వేలమంది దాతల ప్లాస్మా నుంచి తీస్తారట. ఆ ముక్కూ మొహం తెలియనివాళ్లకు దండం. అవ్వ పుస్తెలగొలుసు ఆ సీసాలకే పోయింది.

డాక్టర్ గారూ, కాళ్లు లేవడం లేదని రేపు ఇంకో ఆడమనిషి వస్తే ముందు మోకాలు కొట్టి చూడండి. ఇంటి సంగతి తర్వాత అడగొచ్చు. చదివేవాళ్లకూ ఒక మాట: తిమ్మిరి, బలహీనత పాదాల నుంచి పైకి పాకుతుంటే సూదులూ తాయెత్తులూ అంటూ ఆగకండి, వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే పోండి.

మల్లన్నే కాపాడాడని అవ్వ నమ్మకం. నేను వాదించను. సంక్రాంతికి ఐనవోలు పోయి బోనం చెల్లించాం. నేను మోయలేనని చెల్లె ఎత్తుకుంది. కుడిపాదంలో తిమ్మిరి ఇంకా ఉంది, నెలలు పట్టొచ్చన్నారు. మిషన్‌కు మోటార్ పెట్టించి, మాఘమాసం పెళ్లిళ్ల బ్లౌజులు ఒప్పుకున్నాను.