చికాగో వాళ్లు చెప్పని పెష్టిగో

చికాగో చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఇండియా నుంచి చుట్టాలొస్తే బోటు టూరు తప్పదు. మనిషికి యాభై డాలర్లు దాటింది టికెట్టు, అయినా పిన్నినీ బాబాయినీ తీసుకెళ్లాం. గైడు 1871 అక్టోబరు 8 రాత్రి చికాగోలో మొదలైన అగ్నిప్రమాదం గురించి చాలాసేపే చెప్పాడు. మూడొందల మంది దాకా పోయారు, లక్ష మందికి నిలువ నీడ లేకుండా పోయింది, మిసెస్ ఓలేరీ అనే ఆవిడ ఆవు లాంతరు తన్నితే నిప్పంటుకుందట, అదీ ఇదీ. ఆవు మాటకి బోటంతా నవ్వింది. ఆవిడ తప్పేమీ లేదని చికాగో సిటీ కౌన్సిల్ తీర్మానం చేయడానికి 1997 దాకా పట్టిందని మాత్రం ఆయన చెప్పలేదు. అదే రాత్రి పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే ఊరు ఊరంతా కాలిపోయిందనీ, అక్కడా ఆ చుట్టుపక్కలా కలిపి కనీసం 1,200 మంది, కొన్ని లెక్కల్లో 2,500 దాకా చనిపోయారనీ అసలే చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. బాబాయి అటవీ శాఖలో రేంజర్‌గా చేసి రిటైరయ్యారు, సంగతి చెప్పగానే "పోదాం పద" అన్నారు.

ఐ-94 మీద మిల్వాకీ, అక్కణ్ణుంచి ఐ-43, గ్రీన్ బే దాటాక 41వ నంబరు హైవే. దారి గురించి చెప్పడానికేమీ లేదు. ఆకుల రంగులు మారే సీజనని మోటెల్ వాళ్లు మాత్రం రేటు బాగా పెంచేశారు, ఆ గదికి అంత డబ్బు కట్టడం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

పెష్టిగోలో ఆ అగ్నిప్రమాదం మ్యూజియం పాత చర్చి భవనంలో ఉంది. టికెట్టు లేదు, గుమ్మం దగ్గర విరాళాల పెట్టె ఉందంతే. ఏటా వేసవిలో తెరిచి అక్టోబరు 8 దాకా ఉంచుతారు. కూర్చుని ఉన్న పెద్దావిడ ఎక్కడి నుంచని అడిగింది. చికాగో అనగానే "మా అడవి కలపై మీ చికాగోకే వచ్చింది" అంది. ఎత్తిపొడుపు కాదు, ఉన్న మాటే. చికాగో తొలి మేయర్ విలియం ఆగ్డెన్‌కే ఇక్కడ రంపపు మిల్లూ, బకెట్లూ తొట్లూ చీపురు కర్రలూ చేసే పెద్ద ఫ్యాక్టరీ ఉండేవి. రెండు చోట్లా ఆయన ఆస్తి ఒకే రాత్రి పోయింది. ఆస్తి పోయిన ఆయన పేరు మనకి తెలుసు, ఆ ఫ్యాక్టరీలో పని చేసి చచ్చిపోయినవాళ్లలో ఎంతోమంది పేర్లు ఎవరికీ తెలియవు.

బాబాయి ఆవిణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, చెట్లు కొట్టాక కొమ్మా రెమ్మా ఏం చేసేవాళ్లని. నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ తల ఊపింది. అక్కడే వదిలేసేవాళ్లట. ఆ ఏడు వేసవంతా వానల్లేవు. రైలు మార్గం వేసేవాళ్లు, పొలాలు చేసుకునే రైతులు అడవిని నిప్పుతోనే శుభ్రం చేసేవాళ్లు. వారాల తరబడి అక్కడక్కడా చిన్న మంటలు రగులుతూనే ఉన్నాయి. ఊళ్లో చూస్తే ఇళ్లు చెక్కవి, కాలిబాటలు చెక్కవి, ఎక్కడ చూసినా రంపపు పొట్టు. ఆ రాత్రి పెనుగాలి లేచి చిన్న మంటలన్నిటినీ ఒకటి చేసేసింది. బాబాయి గొంతు పెరిగింది. "నల్లమలలో ఎండలు ముదరకముందే మంట దాటకుండా ఫైర్ లైన్లు కొట్టి రాలిన ఆకు తగలబెట్టేస్తాం రా. నరికిన చోట ఎండుకొమ్మ వదిలితే నా గార్డుల్ని ఊరుకునేవాణ్ణి కాదు" అన్నారు. ఆవిడకి తెలుగు ముక్క రాకపోయినా ఆయన కోపం అర్థమైంది, ఆయన చెయ్యి పట్టుకుంది.

తర్వాత వంతెన సంగతి చెప్పింది. నదికి ఇవతలివాళ్లు అవతల క్షేమమనుకుని, అవతలివాళ్లు ఇవతల క్షేమమనుకుని, పశువులతో బళ్లతో ఒకేసారి వంతెన మీదికి పరిగెత్తారు. మధ్యలో ఒకరినొకరు తోసుకున్నారు. ఆ వంతెన కూడా కాలిపోయింది. ఫాదర్ పీటర్ పెర్నిన్ అనే మతగురువు తన చర్చిలో పవిత్ర రొట్టె ఉంచే చెక్క మందసాన్ని బండి మీద నదిలోకి తోసుకెళ్లి, తానూ దిగి, జనం తల మీద నీళ్లు చల్లుకుంటూ ఐదు గంటలకు పైగా నిలబడ్డాడు. నీళ్లలోంచి తల ఎత్తితే జుట్టు అంటుకునేది, నీళ్లలోనే ఉంటే చలికి బిగుసుకుపోయేవాళ్లు. ఆ మందసం కాలకుండా దొరికింది, ఇప్పుడు ఈ మ్యూజియంలోనే ఉంది. పిన్ని దాని ముందు చాలాసేపు నిలబడి దణ్ణం పెట్టుకుంది.

నా కోపం తిరిగొచ్చింది టెలిగ్రామ్ దగ్గర. సాయం కావాలన్న వార్త రాష్ట్ర రాజధాని మాడిసన్ చేరేసరికి గవర్నర్ అక్కడ లేడు, చికాగోకి సాయం చేయడానికి వెళ్లిపోయాడు. ఆయన భార్య ఫ్రాన్సెస్ ఫెయిర్‌చైల్డ్ చికాగో వెళ్లాల్సిన సామానున్న రైలు పెట్టెని పెష్టిగో వైపు మళ్లించింది. అందులో దుప్పట్లు లేవని ఊళ్లో ఆడవాళ్లని అడిగి పోగు చేయించింది. ఆమె అధికారంలో ఉన్న మనిషి కూడా కాదు. ఆ గైడు ఆవు గురించి చెప్పిన సేపట్లో సగం ఈమెకిస్తే చాలు.

పక్కనే శ్మశానం. గుర్తుపట్టలేని దాదాపు 350 మందిని ఒకే గోతిలో పూడ్చారు. శరీరాలు కాలిపోవడం ఒక్కటే కారణం కాదు, వీళ్లు ఫలానా అని చెప్పాల్సిన ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ కూడా అదే రాత్రి పోయారు. ఊరి రికార్డులూ పోయాయి. అందుకే చనిపోయినవాళ్ల లెక్కలో అంత తేడా.

మనవాళ్లు ఏటా ఆకుల రంగులు మారే సీజన్లో విస్కాన్సిన్‌లోని డోర్ కౌంటీకి కార్లు కట్టుకుని వెళ్తారు కదా. 57వ నంబరు హైవే మీద స్టర్జన్ బే ఊరికి ముందే టోర్నడో మెమోరియల్ పార్క్ వస్తుంది. పేరు చూసి సుడిగాలి అనుకోకండి, అదే రాత్రి కాలిపోయిన విలియమ్సన్‌విల్ అనే ఊరు ఉన్న చోటది. అక్కడ ఆగండి. అక్టోబరు 8 లోపు వెళ్తే పెష్టిగో కూడా చూసి రండి, బోటు టికెట్టులో సగం ఆ విరాళాల పెట్టెలో వేయండి.